భీంబేట్కా ముందా, పాండవుల గుట్ట ముందా? ఆదిమానవుల బొమ్మలు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి

"మన పాండవుల గుట్టలోనే ఆదిమానవుల బొమ్మలుంటే భోపాల్ దాకా ఎందుకు పోవడం?" రాతి చిత్రాల మాట ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రెండు రోజుల సెలవు, పిల్లల పరీక్షలు, అమ్మానాన్నల మోకాళ్ళు, అన్నీ చూసుకుని బయల్దేరే వాళ్ళం మనం.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఇదే మీ మొదటిసారి అయి, మూడు రోజులు వీలవుతుందంటే భోపాల్ దగ్గరి భీంబేట్కాకే వెళ్ళండి. ఒక్క ఆదివారమే ఉందంటే వరంగల్ దగ్గరి పాండవుల గుట్ట. రాయలసీమలోని చింతకుంట, కేతవరం మాత్రం మొదటి ప్రయాణంగా వద్దు, రెండోదిగానో మూడోదిగానో పెట్టుకోండి. అవి తక్కువవని కాదు. వాటిని చూడటానికి కంటికి కొంచెం అలవాటు కావాలి.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నేను మొట్టమొదట వెళ్ళింది కడప జిల్లా ముద్దనూరు దగ్గరి చింతకుంటకు. మిట్టమధ్యాహ్నం చేరాను. గొర్రెలు కాస్తున్న పెద్దాయన ఒకరు దారి చూపిస్తూ వెంట వచ్చారు. బండ కింద నిలబడి కర్ర ఎత్తి, "అదో, ఎద్దు" అన్నారు. నాకు రాయి మీద ఎర్రటి మరకలు తప్ప ఏమీ కనిపించలేదు. వాన నీళ్ళు కారిన చారలేమో అనుకున్నాను. ఆయన నా మొహం చూసి, "నిలబడితే కనపడదు, కూచోని చూడు సామీ" అన్నారు. కూర్చున్నాను. బయటి ఎండ నుంచి కళ్ళు తేరుకోవడానికే రెండు మూడు నిమిషాలు పట్టింది. ముందు ఒక వంపు దొరికింది, అది మూపురం. అక్కడి నుంచి వెన్ను గీత. గీత వెంబడే ముందుకు పోతే కొమ్ములు. ఒక్కసారి దొరికాక ఇక ఆ ఎద్దు తప్ప వేరేదేమీ కనిపించలేదు. అయినా ఆ రోజు మొత్తం మీద నేను సొంతంగా గుర్తుపట్టిన బొమ్మలు మూడో నాలుగో. మిగతావన్నీ ఆయన చెబితే తలూపినవే.

తర్వాతి ఏడాది భీంబేట్కా చూసి వచ్చి, మళ్ళీ చింతకుంటకు వెళ్ళాను. ఈసారి ఆయన కర్ర ఎత్తకముందే నేను చూపిస్తున్నాను. బొమ్మలు అవే, బండ అదే. మారింది నా చూపు.

గుహలు అంటే ఏ గుహలు?

చాలామంది బెలుం, బొర్రా గుహలను మనసులో పెట్టుకుని బయల్దేరతారు, వెళ్ళాక నిరాశ పడతారు. అవి సున్నపురాయిని నీళ్ళు కరిగించగా నేల లోపల ఏర్పడినవి. లోపల చీకటి, వేలాడే రాళ్ళు, రంగు దీపాలు. మనం మాట్లాడుకునేవి వేరు. పాము పడగలా ముందుకు వంగిన పెద్ద బండ, దాని కింద నీడ, వాన జల్లు కొట్టని పొడి గోడ. అంతే. పగటి వెలుగు లోపలికి పడుతూనే ఉంటుంది, టార్చి అవసరం తక్కువ. రాయలసీమలో ఇలాంటి చోటును 'గవి' అంటారు. గుహ అనే మాట కంటే దీనికి ఆ మాటే బాగా సరిపోతుంది అనిపిస్తుంది నాకు.

ఆ రంగులు కూడా మనకు తెలియనివి కావు. పండక్కి అరుగులకు పూసే జాజు, గోడలకు పూసే సుద్ద, ఆ కోవలోవే. జాజు ఎరుపు ఇనుము ఆక్సైడ్ నుంచి వస్తుంది. ఆకులు, పూల రంగుల్లా వెలుతురుకు వెలిసిపోదు, రాయి గరుకులోకి దిగి పట్టుకుంటుంది. అందుకే వేల ఏళ్ళు గడిచినా ఎరుపు నిలిచింది.

భీంబేట్కా: కంటికి పాఠం చెప్పే చోటు

మధ్యప్రదేశ్ రాయసేన్ జిల్లా, భోపాల్ నుంచి దక్షిణంగా సుమారు 45 కిలోమీటర్లు. చుట్టూ రాతాపానీ అడవి. ఈ కొండల వరుసలో ఇలాంటి బండ నీడలు, అంటే చరియలు, 700కు పైగా ఉన్నాయి, 400కు పైగా వాటిలో బొమ్మలున్నాయి. మనకు చూపించేది 15 మాత్రమే. "పదిహేనేనా" అని ముందు నేనూ అనుకున్నాను. చూడటం మొదలుపెట్టాక అవే ఎక్కువయ్యాయి.

ఈ చోటు వెలుగులోకి వచ్చిన కథ వింటే, ముందు ఇక్కడికే వెళ్ళమని ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. 1957లో ఉజ్జయినికి చెందిన పురావస్తు పరిశోధకుడు వి.ఎస్. వాకణ్‌కర్ రైల్లో వెళ్తూ దూరంగా ఈ బండలను చూశారు. స్పెయిన్, ఫ్రాన్స్‌లలో తాను చూసిన చరియల్లాగే ఉన్నాయే అని అనుమానం వచ్చి, తర్వాత అక్కడికి నడిచి వెళ్ళారు. ఆ దారిన రోజూ ఎన్ని వేలమంది రైల్లో వెళ్ళి ఉంటారు! ముందు ఒకచోట చూసి ఉన్న కన్ను కాబట్టి ఆయనది ఆగింది. 2003లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ తప్పక ఆగాల్సింది జూ రాక్ దగ్గర. జంతువుల బొమ్మలు అన్ని ఉన్నాయి కాబట్టి ఆ పేరు. ఒకే బండ మీద 453 బొమ్మలు లెక్కపెట్టారు, వాటిలో జంతువులే 252, మొత్తం 16 రకాలు. దూరం నుంచి చూస్తే అంతా కలగాపులగం. ఎరుపు మీద తెలుపు, తెలుపు మీద మళ్ళీ ఎరుపు. ఒక చిట్కా చెబుతాను. ఒకే జంతువును ఎంచుకుని, దాని గీత ఎక్కడ తెగిందో చూడండి. తెగిన చోట దాని మీదుగా వేరే రంగు పోతుంటే, ఆ పైది తర్వాతి కాలపు మనిషి వేసినది. అలా ఒక్కొక్క పొర విప్పుకుంటూ పోతే, ఒకే గోడ దగ్గరికి మనుషులు తరాల తరబడి వచ్చి బొమ్మలు వేశారని కళ్ళ ముందే తెలుస్తుంది. ఇక్కడి చిత్రాలు మధ్య రాతియుగం నుంచి చారిత్రక కాలం దాకా వ్యాపించాయి. గుర్రాల మీద కత్తులు పట్టుకున్న రౌతుల బొమ్మలు చూసి, "ఇది కూడా పదివేల ఏళ్ళదా?" అని మా పక్కన ఒకాయన ఆశ్చర్యపోయారు. కాదు, అవి చాలా తర్వాతివి. రెండూ ఒకే చోట ఉండటమే ఇక్కడి విశేషం.

చివరిదైన 15వ చరియ కాస్త దూరంగా ఉంటుంది, చాలామంది అలసిపోయి అక్కడిదాకా వెళ్ళరు. వెళ్ళండి. కొమ్ములున్న పెద్ద పంది ఒకటి చిన్న మనిషిని తరుముతుంటుంది, దగ్గర్లో ఒక ఎండ్రకాయ. పందికి కొమ్ములేమిటని పిల్లలు వెంటనే అడుగుతారు. మా అమ్మాయి అక్కడి నుంచి కదల్లేదు. మనిషిని అంత చిన్నగా, జంతువును అంత పెద్దగా వేసిన చెయ్యి ఏ భయంతో వేసిందో అని నేనూ చాలాసేపు నిలబడిపోయాను.

సౌకర్యం విషయంలో మిగతావేవీ దీనికి సాటి రావు. కారు దాదాపు పైదాకా వెళ్తుంది. బాట వేసి ఉంది, చరియలకు నంబర్లున్నాయి, బోర్డులున్నాయి. నెమ్మదిగా చూస్తే రెండు గంటలు. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ ఎక్కువ భాగం తిరిగింది. పైన తినడానికి ఏమీ దొరకదు, నీళ్ళు వెంట ఉండాలి. హైవే మీద మధ్యప్రదేశ్ టూరిజం వాళ్ళ హోటల్ ఉంది. కొండముచ్చులు ఉంటాయి, చేతిలో పొట్లాలు పెట్టుకోవద్దు.

బండలకు పెద్ద తేనెతుట్టెలు కూడా వేలాడుతుంటాయి. వీటి గురించి ఒక మాట చెప్పాలి. ఇక్కడి ఆడిటోరియం చరియ పైకప్పు మీద డికిన్‌సోనియా అనే అతి పురాతన జీవి శిలాజం దొరికిందని 2021లో వార్త వచ్చింది, పేపర్లన్నీ రాశాయి. తర్వాత మరికొందరు శాస్త్రవేత్తలు వెళ్ళి పరిశీలిస్తే అది పాత తేనెతుట్టె ఊడిపోగా మిగిలిన గుర్తు అని తేలింది. మొదట చెప్పిన వాళ్ళే 2023లో తమ తప్పు ఒప్పుకున్నారు. ఘాటైన సెంటు కొట్టుకుని, కేకలు పెడుతూ తుట్టెల కింద తిరగడం మాత్రం మంచిది కాదు.

విజయవాడ, వరంగల్ మీదుగా ఢిల్లీ వెళ్ళే చాలా రైళ్ళు భోపాల్‌లో ఆగుతాయి. పొద్దున హైదరాబాద్‌లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి దిగుతారు. అంత దూరం వెళ్ళాక ఒక్క భీంబేట్కాతో తిరిగి రావద్దు. భోజరాజు కట్టించడం మొదలుపెట్టి అసంపూర్తిగా మిగిలిన భోజ్‌పూర్ శివాలయం దగ్గర్లోనే ఉంది. కాళిదాసు కథల్లో మనం వింటూ పెరిగిన ఆ భోజరాజే. గుడి చుట్టూ బండల మీద శిల్పులు గీసుకున్న కట్టడం ప్లాన్ల గీతలు ఇంకా ఉన్నాయి. అదీ ఒక రకం రాతి చిత్రమే. సాంచీకి వెళ్తే పెద్ద స్తూపం దక్షిణ తోరణం మీద మన శాతవాహనుల పేరు కనిపిస్తుంది. శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద ఆనందుడి దానం అని అక్కడ శాసనం ఉంది.

పాండవుల గుట్ట: ఒక్క ఆదివారానికి

జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలం. వరంగల్ నుంచి పరకాల మీదుగా వెళ్ళే దారి, సుమారు 50 కిలోమీటర్లు. ఇక్కడి చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవి దున్న, జింక, పులి, చిరుత, వాటితోపాటు స్వస్తిక, వృత్తాలు, చతురస్రాలు, విల్లంబులు, కత్తులు. ఎరుపు, తెలుపుతోపాటు పసుపు, ఆకుపచ్చ కూడా కనిపిస్తాయి. పాండవుల బొమ్మలని జనం చెప్పుకునే బాగా తర్వాతి కాలపు చిత్రాలూ ఉన్నాయి.

పేర్లు గమనించారా? భీంబేట్కా అంటే భీముడు కూర్చున్న చోటు అని అక్కడి వాళ్ళు చెబుతారు. ఇక్కడ పాండవుల గుట్ట, అందులో ఒకచోటు పేరు గొంతెమ్మ గుట్ట. గొంతెమ్మ కోరికల గొంతెమ్మే, కుంతీదేవి. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలోనూ పాండవుల గుహలే. ఎవరు వేశారో తెలియని బొమ్మ కనిపిస్తే మన దేశంలో ఏ మూలైనా అడవికి వెళ్ళిన పాండవులే గుర్తొచ్చారన్నమాట. పరిశోధకులు చెప్పే కాలం వేరు కావచ్చు, కానీ ఈ పేర్లను పిచ్చి నమ్మకాలని కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. ఆ పేర్ల వల్లే ఊళ్ళ వాళ్ళు ఈ బండలను వందల ఏళ్ళు గౌరవంగా చూసుకున్నారు.

భీంబేట్కాతో పోలిస్తే ఇక్కడ బొమ్మలు తక్కువ, బోర్డులు చదివి అర్థం చేసుకునే వీలు తక్కువ, నడక, ఎక్కడం ఎక్కువ. కానీ అడవి, బండల తీరు మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఇసుకరాయి పొరలు పొరలుగా, గాలికీ వానకూ అరిగి వింత వింత రూపాలు తేలాయి. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జియో హెరిటేజ్ సైట్‌గా గుర్తించింది. రాక్ క్లైంబింగ్ నేర్చుకునే కుర్రాళ్ళు కూడా వస్తుంటారు. బొమ్మల మీద అంత ఆసక్తి లేని వాళ్ళు గుంపులో ఉంటే ఈ చోటే మంచిది, వాళ్ళకూ రోజు బాగా గడుస్తుంది.

ఊళ్ళో ఎవరినైనా తెలిసిన వాళ్ళను అడిగి వెంట తీసుకెళ్ళండి, వాళ్ళ రోజు కూలికి తగ్గకుండా ఇవ్వండి. ఒంటరిగా తిరిగితే సగం చరియలు దాటిపోయినా తెలియదు. పొద్దున్నే ఎక్కి పదకొండుకల్లా దిగిపోతే, మధ్యాహ్నం ఘనపురం కోటగుళ్ళు, సాయంత్రం రామప్ప. ఒకే రోజులో రాతియుగం నుంచి కాకతీయుల దాకా వస్తారు. ఇలాంటి ఆదివారం మనకు ఇంత దగ్గర్లో ఉండటం అదృష్టమే.

చింతకుంట, కేతవరం: వెతుక్కునే వాళ్ళకు

రెండూ గట్టి క్వార్ట్‌జైట్ బండలే. కేతవరం కర్నూలు జిల్లాలో, ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు సుమారు 20 కిలోమీటర్లు. చింతకుంటకు ముద్దనూరు దాకా రైలు ఉంది, గండికోట చూడటానికి వచ్చిన వాళ్ళు అటు వెళ్ళవచ్చు. చింతకుంటలో పదీ పన్నెండు చరియల్లో బొమ్మలున్నాయి. ఎక్కువ జాజు ఎరుపు, కొన్ని తెల్ల సుద్ద. ఎద్దుల ఆవుల గుండు అని ఊరివాళ్ళు పిలిచే బండ ఇక్కడిదే.

బోర్డులు, నీడ, నీళ్ళు దొరుకుతాయని ఆశించి వెళ్ళవద్దు. మార్చి దాటాక అసలు వద్దు, బండ సెగ భరించలేం. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, ఎండ ఎక్కకముందే చేరాలి. చిన్న పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళమని నేను చెప్పను. కానీ చరిత్ర చదువుకునే వాళ్ళకు ఈ రాయలసీమ నేల బంగారు గని. దగ్గర్లోని జుర్రేరు లోయ జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ళ కిందట ఇండోనేషియాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొర దొరికింది. బేతంచెర్ల దగ్గరి బిళ్ళసర్గం గుహల్లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880ల్లోనే తవ్వించి చూశారు. ఇంత పురాతన ఆనవాళ్ళు ఇన్ని ఒకే ప్రాంతంలో ఉన్నాయని మన బడిపిల్లలకు ఎంతమంది చెప్పారు?

బెంగళూరులో ఉంటే

అక్కడి మన వాళ్ళు ఎక్కువగా వయనాడ్‌లోని ఎడక్కల్ గుహలకు వెళ్తుంటారు. అది బాగుంటుంది, కానీ ఒకటి తెలుసుకుని వెళ్ళండి. అక్కడివి రంగు బొమ్మలు కావు, రాతిలో గాడులు పడేలా గీసినవి. పేరులోనే ఉంది, రెండు బండల మధ్య ఎడంలో ఇరుక్కున్న కల్లు, అంటే రాయి. నిటారుగా ఎక్కాలి, ఇనుప మెట్లున్నాయి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు కష్టం. సోమవారం మూసి ఉంటుంది. బందీపూర్ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు, ఆ లెక్క చూసుకుని బయల్దేరాలి.

నన్ను అడిగితే ఎడక్కల్ కంటే బళ్ళారి పక్కనున్న సంగనకల్లు, కుప్పగల్లు గుట్టలే ముందు చెబుతాను. ఊరికి అంత దగ్గర్లో కొత్త రాతియుగపు ఆవులు, ఎద్దుల బొమ్మలు నల్ల డోలరైట్ బండల మీద ఉన్నాయి. రాయితో కొట్టి కొట్టి గీసినవి. అక్కడ కొన్ని బండలను చిన్న రాయితో తాకిస్తే గంటలా మోగుతాయి. ఆ మోత వింటూ ఆ బొమ్మలు వేశారేమో అని ఊహించుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ కొట్టి చూడవద్దు, బొమ్మలున్న బండల దగ్గర అసలే వద్దు. ఆ గుట్టలు ఇప్పటికే క్వారీ దెబ్బ తిన్నాయి. సంగనకల్లులో 1940ల్లో పురావస్తు శాస్త్రవేత్త బెండపూడి సుబ్బారావు తవ్వకాలు జరిపారు. బళ్ళారిలో బ్రూస్ ఫుట్ పేరు మీద మ్యూజియం ఉంది, ముందు అది చూసి తర్వాత గుట్టకు వెళ్తే చాలా తేడా ఉంటుంది.

ఎక్కడికి వెళ్ళినా

బొమ్మ మీద నీళ్ళు చల్లితే రంగు తేటగా కనిపిస్తుందని కొందరు బాటిల్ తీసి పోస్తారు. ఆ నిమిషానికి నిజంగానే తేటగా కనిపిస్తుంది. తర్వాత ఆ తడి రాతి లోపలి ఉప్పును పైకి లాగుతుంది, ఆరాక రంగు మీద తెల్లటి పొర కడుతుంది. రెండోసారి, మూడోసారి పోస్తే ఇక బొమ్మ ఉండదు. గీతల చుట్టూ చాక్‌పీసుతో దిద్దడం కూడా అంతే. ఫ్రాన్స్‌లో ఇలాంటి పాత బొమ్మలున్న లాస్కో గుహను 1963లోనే మూసేశారు, చూడవచ్చిన జనం ఊపిరికే గోడలు పాడవుతున్నాయని. ఇప్పుడక్కడ చూపించేది నకలు. మనం అసలు బొమ్మ ముందు నిలబడగలుగుతున్నాం.

ఫొటో కావాలంటే ఫ్లాష్ లేకుండా, నీడలో, రాతికి ఎదురుగా నిలబడి తీయండి. తర్వాత డీస్ట్రెచ్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూడండి. కంటికి అందని ఎరుపు గీతలు కూడా తేలి వస్తాయి. మా ఇంట్లో కంప్యూటర్ మీద చింతకుంట ఫొటో ఒకటి అలా చూసినప్పుడు, నేను ఉత్త మరక అనుకున్న చోట చెయ్యి చెయ్యి పట్టుకున్న మనుషుల వరుస కనిపించింది. రెండుసార్లు అదే బండ ముందు కూర్చుని కూడా నేను దాన్ని చూడలేకపోయాను. ఈ చలికాలం మూడోసారి వెళ్తున్నాను. ఈసారి తెల్లవారేసరికి బండ కింద ఉండాలని అనుకున్నాను, ముద్దనూరులో రాత్రి బస పెట్టుకుని.